బదులు సంచి

321వ రోజు

పదకొండో వరుస. ఇళ్లు పది. పదో ఇల్లు: ఇద్దరు. రసమట్టం బుడగ: నడిమధ్య.

వరుస తూకం రాయడం ఇరవై రెండేళ్లుగా నా పని. రోజూ పొద్దున్నే ఐదో ఇంటికీ ఆరో ఇంటికీ నడుమ ఉన్న చెక్కపలక మీద రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ ఎటు జరిగిందో చూసి రాసుకుంటాను. మా ఇళ్లన్నీ నీళ్ల మీద తేలుతూ, ఒకదానికొకటి మూరెడు తాళ్లతో కట్టి ఉంటాయి. ఒకరింట్లో బియ్యం బస్తా ఎక్కువైతే నాలుగో ఇంటివాళ్ల కంచంలో చారు ఓ పక్కకి పోతుంది. అందుకని మా ఊళ్లో ఎవరి బరువూ వాళ్ల సొంత విషయం కాదు.

ఊరి మొత్తం తూకం చూసే యంత్రాన్ని మేం గుమస్తా అంటాం. ఇంటింటికీ దూలానికి దాని పెట్టె వేలాడుతూ ఉంటుంది. దానికి పంపే పుస్తకం వేరు, ఇది నా సొంత పుస్తకం. దానికి పంపేదాంట్లో పదో ఇంట్లో నేనొక్కణ్ణే, గవర్రాజు, డెబ్భై ఒక్క కిలోలు. తేదీలు కూడా దానివి వేరు, నావి వేరు. నేను మా ఆవిడ తాయారు పోయిన రోజు నుంచి లెక్కపెడుతున్నాను.

ఇవాళ గుమస్తా ఒక కబురు చెప్పింది. వానలకు ముందు ఎత్తు తూకం ఉంటుందట. ఎప్పటిలా వరుస వంపు చూసి వదిలేయరట, ఒక్కో ఇంటినీ ఎత్తి విడిగా తూస్తారట. పుస్తకంలో లేని బరువు దొరికితే ఆ ఇంటి తాడు కోసి, వానలు వెళ్లేదాకా దూరంగా ఒంటరి లంగరు వేస్తారట. గడువు పద్దెనిమిది రోజులు.

వినేసి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

322వ రోజు

పదో ఇల్లు: ఇద్దరు. బుడగ: నడిమధ్య.

చేసిన తప్పు ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

మా ఊళ్లో ఎవరైనా ప్రయాణం వెళ్తే, వాళ్ల బరువుకు సరిపడా నీళ్లు నింపిన సంచిని వాళ్లు పడుకునే చోట పెడతాం. అదే బదులు సంచి. మనిషి తిరిగి రాగానే దాన్ని పారబోస్తాం. మనిషి పోయినా సంచి పెడతాం గానీ ఒక్కసారిగా పారబోయం. పుట్టింటివాళ్లు వచ్చి నింపి, పెద్దమూతికి ముడి వేసి వెళ్తారు. ఆ తర్వాత నలభై రోజులపాటు, రోజుకో చెంబు చొప్పున, ఇంట్లోనే చిన్నమూతి నుంచి వంచుకుని, వరుసంతా చూస్తుండగా నీళ్లలో పోస్తాం. సంచి తగ్గినకొద్దీ గుమస్తా ఆ ఇంటి కింది తొట్టెల్లోకి నీళ్లు ఎక్కించి వరుసను సరిచేస్తుంది.

తాయారు యాభై ఎనిమిది కిలోలు. నలభై రోజులూ పొద్దున్నే ఒక చెంబు పోశాను. సాయంత్రం తలుపు వేసుకుని ఒక చెంబు నింపాను. నలభయ్యో రోజున అందరికీ చూపించిన ఖాళీ సంచి అటక మీద ఉన్న పాతది. తాయారు సంచి మంచం మీద గోడవైపు ఉంది, దుప్పటి కప్పుకుని. ఆమె గోడవైపే పడుకునేది.

సిగ్గుగానే ఉంది. ఒకరి అటక మీద చింతపండు బుట్ట ఎక్కువైందని నానా యాగీ చేసినవాణ్ణి నేను. కానీ నాకు అంతుపట్టని విషయం ఒకటుంది. తొట్టెలు నిండి, సంచీ నిండుగా ఉంటే, మా చివర దిగిపోవాలి. మొదటి నెలలో బుడగ నిజంగానే కొంచెం కొంచెం జరిగింది. నేను రాయలేదు. నలభయ్యో రోజు దాటాక తనంతట తనే నడిమధ్యకి వచ్చేసి కూర్చుంది, అప్పటినుంచి కదల్లేదు. నన్ను ఇబ్బంది పెట్టడం తాయారుకి ఇష్టం లేదు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

సాయంత్రం పక్కింటి సత్యవేణి యథాప్రకారం నానబెట్టిన పప్పు గిన్నె పట్టుకుని ఒకటో ఇంటివైపు నడిచి వెళ్లింది. గంటకి గానీ తిరిగి రాదు. ఈవిడకి రోజూ ఆ చివరిదాకా వెళ్లి చెప్పుకునే కబుర్లేమిటో నాకు తెలియదు.

324వ రోజు

పదో ఇల్లు: ఇద్దరు. బుడగ: నడిమధ్య.

దారి దొరికింది. క్యాలెండర్ వెనకాల దొరికింది.

మూడేళ్ల కిందట తాయారు ఒక పాత నెల కాగితం చింపి, వెనకవైపు రాసి గోడకి గుచ్చింది. నేను ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"తెప్ప మీద పది రోజులు. పై సరస్సులు. మీరు, నేను, తమ్ముడు.
మోటారు వద్దు. గడ చాలు.
ఎక్కడికి చేరాలో ముందుగా అనుకోకూడదు.
మీ రసమట్టం ఇంట్లో పెట్టి రావాలి.
చేప పడితే పులుసు, పడకపోతే ఉల్లిపాయల పులుసు.
రాత్రి తాడు పొడుగ్గా వదలాలి. మీకు అలవాటు లేదు, మూరెడే కడతారు.
ఒక రోజంతా ఏమీ చేయకూడదు. ఊరికే పడుకోవాలి."

పై సరస్సులంటే లాకులు దాటి కొండల్లోకి వెళ్లాక వచ్చే నీళ్లు. ఒకదాని వెనక ఒకటి ఏడున్నాయంటారు. అక్కడ ఇళ్లు లేవు, వరుసలు లేవు, గుమస్తా పెట్టె అక్కడ పలకదు. ఎత్తు తూకం నాటికి సంచి తెప్ప మీద, తెప్ప సరస్సులో ఉంటే ఇంట్లో రాయని బరువేమీ ఉండదు. తూకం అయ్యాక ఇద్దరం ఇంటికి వచ్చేస్తాం.

ఇన్నాళ్లూ దాటేసిన ప్రయాణం ఇప్పుడు నా అవసరానికి గుర్తొచ్చింది. తాయారు ఉంటే మూతి ముప్పై వంకర్లు తిప్పేది.

326వ రోజు

పదో ఇల్లు: ఇద్దరు. బుడగ: నడిమధ్య.

మూడో వరుస నుంచి మా బావమరిదిని పిలిపించాను. పేరు బుల్లబ్బాయి, వయసు యాభై ఏడు. తాయారుకి ఒక్కగానొక్క తమ్ముడు. ఊరి మొత్తానికి సొంతంగా తెప్ప ఉన్న ముగ్గురిలో ఒకడు. ఎనిమిది పీపాలు, పైన వెదుళ్లు, దాని మీద తాటాకు గూడు.

"పై సరస్సులకి ఎల్దామా?" అన్నాను.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా బావా? అక్క అడిగి అడిగి అలిసిపోయింది."

"వస్తావా రావా?"

"రాకేం, వత్తాను. తోమిన గిన్నె మళ్లీ తోమే మనిషితో పది రోజులు ఎలా ఉండాలా అని ఆలోచిత్తన్నాను."

వాడిని సంచి ఉన్న గదిలోకి రానివ్వలేదు. వరండాలోనే కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

తర్వాత ప్రయాణం రాయించడానికి గుమస్తాని పిలిచాను. "ఏం పని మీద?" అని అడిగింది. పనేం లేదన్నాను. పని లేని ప్రయాణానికి గడి లేదంది. మరమ్మతు, వైద్యం, పెళ్లి, చావు, ఈ నాలుగే ఉన్నాయట. బుల్లబ్బాయి నా భుజం మీదుగా వంగి, "ఇతరం అని ఒకటి ఉంటాదండి, అది రాసుకోండి" అని దానితో మర్యాదగా అన్నాడు. గుమస్తా రాసుకుంది. తిరిగి వచ్చాక పని పూర్తయిందో లేదో చెప్పాలని షరతు పెట్టింది.

330వ రోజు

పదో ఇల్లు: ఇద్దరు. బుడగ:

బుడగ సంగతి కింద రాస్తాను.

తెప్పని తెచ్చి మా ఇంటి చివర కట్టాం. బియ్యం, ఉల్లిపాయలు, ఆవకాయ జాడీ, కిరసనాయిల్ పొయ్యి, దోమతెర, రెండు గాలాలు సర్దాం. నేను చాపలు నాలుగని రాస్తే బుల్లబ్బాయి రెండు తీసేశాడు. టార్పాలిన్ నేను పెట్టాను, వాడు తీశాడు, మళ్లీ పెట్టాను. వాడు తన ఇంటికి వెళ్లాక, సంచి ఎక్కడ పెడితే తెప్ప ఒరగదో చూద్దామని దుప్పటితో సహా దాన్ని చేతులమీద ఎత్తి తెప్ప మీదికి చేర్చాను. నడుం పట్టేసింది.

అలవాటు కొద్దీ వెళ్లి రసమట్టం చూశాను. బుడగ మా ఇంటివైపు అంగుళం జరిగింది. అంటే మా చివర పైకి లేచింది, ఒకటో ఇంటి చివర దిగింది. దాచిన బరువు తీసేస్తే వరుస సరిగ్గా నిలబడాలి గదా, ఒరగడమేమిటి? రెండుసార్లు గొట్టం తుడిచి చూశాను. రసమట్టంలో లోపం లేదు.

ఆ చివర కూడా ఎవరో ఏదో దాచారు. ఒకటో ఇల్లు నూకరాజుది. ముందు కోపం వచ్చింది, నిజం. నా వరుసలో నాకు తెలియకుండా బరువు దాచడమేమిటని గబగబా నడిచాను. నూకరాజు వంటగది మూల, గోనెపట్టా కింద, రుబ్బురోలు ఉంది. ముప్పై మూడు కిలోలు. అది నాకు చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే దాని బరువు పుస్తకంలో రాసింది నేనే. తొమ్మిదో ఇంట్లో రాశాను. అది సత్యవేణి రోలు.

సత్యవేణి అక్కడే మినప్పప్పు రుబ్బుతోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"ఎప్పటినుంచమ్మా?" అన్నాను.

"నలభయ్యో రోజు సాయంత్రం నుంచండి, అన్నయ్యగారూ. నేనూ నూకరాజు బావగారూ మోసుకొచ్చాం. అటు తగ్గి ఇటు పెరిగేసరికి బుడగ నడుమకి వచ్చేసింది."

"ఎలా తెలిసింది?"

"నెల తిరక్కుండానే నా పెనం మీద దోసె ఓ పక్క మందం, ఓ పక్క పలచన అయిపోయేదండి. అయినా మీరు చూపించిన సంచికి నల్ల కుట్టు. అక్క సంచికి పచ్చ కుట్టు. అది నేనే కుట్టాను గదండీ."

ఇరవై రెండేళ్లుగా ఈ వరుసకి తూకందారుని నేనే అనుకున్నాను.

"రోజూ ఇంత దూరం నడుస్తున్నావు గదమ్మా" అన్నాను ఆఖరికి.

"నడకదేముందండి. వానలప్పుడే, పిండిలో నీళ్లు పడేవి." రోలు చుట్టూ పిండి తీసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగింది. "ఎత్తు తూకానికి రోలు మా ఇంటికి పట్టుకెళ్లిపోతాం. అది సరే. తూకం అయ్యాక అక్కని మళ్లీ తెచ్చుకుంటారా? తెచ్చుకుంటే చెప్పండి, రోలు మళ్లీ ఇటు తెత్తాం. మొహమాటపడకండి. ఎన్నాళ్లయినా పరవాలేదు."

చెప్తానన్నాను. తెచ్చుకుంటే ఆవిడ నడవాలి, నూకరాజు దాచాలి. మళ్లీ ఎత్తు తూకం వస్తే నాతోపాటు వాళ్ల తాడూ తెగుతుంది. తెచ్చుకోకపోతే మంచం మీద గోడవైపు ఏమీ ఉండదు.

333వ రోజు. తెప్ప మీద.

నా బదులు సంచిని సత్యవేణి నింపి నా వైపు పెట్టింది. రోలు తన ఇంటికి చేరింది. వరుసలో పదిమందీ వచ్చి నిలబడ్డారు. తెప్ప మీద దుప్పటి కప్పిన మూటని ఒక్కరు కూడా చూడలేదు. అంత బాగా చూడకుండా ఉండడం మామూలు విషయం కాదు.

లాకుల దగ్గర నాలుగు గంటలు పట్టింది. ఒక్కో తలుపూ మూసి, నీళ్లు నింపి, తెప్పని మెట్టు మెట్టుగా పైకి లేపారు. ఆఖరి తలుపు తెరుచుకోగానే మొదటి సరస్సు కనిపించింది. చుట్టూ కొండలు, నీళ్ల మీద ఒక్క తాడు కూడా లేదు. బుల్లబ్బాయి గడ వేస్తూ, "ఎటు?" అన్నాడు. కాగితంలో ఉన్నట్టే ఎటైనా ఫరవాలేదన్నాను. అలా అనడం నా జీవితంలో మొదటిసారి అని వాడన్నాడు.

రసమట్టం తెచ్చుకున్నాను. నా బట్టల సంచి అడుగున ఉంది. తాయారు చూడలేదులే.

335వ రోజు

రెండో సరస్సు. చేప పడలేదు. ఉల్లిపాయల పులుసు.

వాడు టీ పెట్టడానికి చెంబు తీసుకుని నేరుగా దుప్పటి దగ్గరికి వెళ్లాడు. అవి తాగేనీళ్లని మొదటిరోజు నేనే చెప్పాను. వద్దు, సరస్సు నీళ్లు కాచుకుందాం అన్నాను.

"యాబై ఎనిమిది కిలోల తాగేనీళ్లు తెచ్చుకుని, సరస్సు నీళ్లు కాచుకుందామా?" అన్నాడు.

ఎంత బరువో నేను చెప్పలేదు. వాడు దుప్పటి మెల్లిగా పక్కకి తీసి, పెద్దమూతి మీద చెయ్యి పెట్టాడు. ఇన్నాళ్లూ నేను చిన్నమూతి నుంచే పోశాను, చిన్నమూతి నుంచే నింపాను. పెద్దమూతికి వాడు వేసిన ముడి అలాగే ఉంది.

"ఈ ముడి నాది, బావా."

అవునన్నాను.

"నలబై రోజులూ మూడో వరుస నుంచి పడవేసుకుని వచ్చి నిలబడ్డాను. నువ్వు చెంబు వంచినప్పుడల్లా అక్క అంత తగ్గిపోయిందని ఏడిశాను. అక్కని నువ్వొక్కడివే దాచేసుకున్నావు. నాకు ఉత్త నీళ్లు చూపించావు."

"తప్పయిందిరా" అన్నాను.

వాడు నీళ్లవైపు తిరిగి మొహం కడుక్కున్నాడు. ఆ తర్వాత దుప్పటి మళ్లీ కప్పి, అంచులు లోపలికి మడిచాడు. చలి వేస్తుందేమో అన్నట్టు మడిచాడు. "టీ పెట్టనా? ఇందులోవి కాదులే" అన్నాడు.

337వ రోజు

మూడో సరస్సు. నిన్న సాయంత్రం ఒడ్డున ఒక మద్దిచెట్టు వేరుకి తెప్ప కట్టాను. బ్రహ్మాండమైన ముడి. తాడు మూరెడు.

ఊళ్లో తాడు మూరెడే ఉంటుంది. నీళ్లు లేస్తే పది ఇళ్లూ లేస్తాయి, దిగితే పదీ దిగుతాయి. తాడుకి ఆ సంగతి తెలియనక్కర్లేదు. ఇక్కడ చెట్టు దిగదు. రాత్రిళ్లు లాకులు ఎత్తి ఊరి పంపుల కోసం సరస్సు నీళ్లు వదులుతారు. తెల్లారేసరికి నీళ్లు నిలువున రెండు మూరలు దిగాయి. తెప్ప ఒక మూల వేరుకి వేలాడుతూ, మిగతాది నీళ్లలోకి జారి ఉంది. నేను లేచింది ఆవకాయ జాడీ దొర్లిన చప్పుడుకి. దాని వెనక పొయ్యి, బియ్యం డబ్బా పోయాయి. బుల్లబ్బాయి దోమతెరలో చుట్టుకుపోయి, "బావా, తాడు ఎవరు కట్టారు?" అని అరుస్తున్నాడు. వాడికి తెలుసు ఎవరు కట్టారో.

సంచి జారింది. పట్టుకున్నాను, దుప్పటి మాత్రం చేతికొచ్చింది. సంచి నీళ్లలో పడిపోయింది.

వెనకా ముందూ చూడకుండా దూకాను. అడుక్కి పోయి ఉంటుందని లోపలికి మునిగి తడుముకున్నాను. ఊపిరాడక పైకి వచ్చేసరికి అది నా పక్కనే ఉంది. మునగలేదు, తేలలేదు. బెత్తెడు లోతులో, పచ్చ కుట్టు కనిపిస్తూ, అలా ఉంది.

చూపుడువేలితో ముట్టుకుంటే నాతో వచ్చింది. మూడు వందల రోజులుగా దాన్ని మంచం మీద అటూ ఇటూ జరపడానికి నడుం విరగ్గొట్టుకున్నాను. నీళ్లలో నీళ్ల సంచికి బరువుండదని తూకం రాసేవాడికి తెలియకపోవడమేమిటి? తెలుసు. కానీ బదులు సంచిని మా ఊళ్లో ఎవరూ నీళ్లలో దించరు. అది ఉన్నదే బరువు కోసం. అందుకని నేనూ ఎప్పుడూ చూడలేదు.

అక్కడే, మెడలోతు నీళ్లలో, "తాయారూ" అని పిలిచాను. పోయినప్పటినుంచి పైకి పిలవలేదు, పక్కింటికి వినపడుతుందని. ఇక్కడ ఎవరూ లేరు. "తాడు మూరెడే కట్టాను" అని చెప్పాను. "నువ్వు రాశావు. నేను చదివాను కూడా."

బుల్లబ్బాయి తాడు కోసి తెప్పని సరిచేసి, తనూ నీళ్లలోకి దిగి వచ్చాడు. సంచికి అటువైపు పట్టుకున్నాడు. కొండల వెనక నుంచి వెలుతురు వస్తోంది. తూకానికి ఇంకా రెండు రోజులుంది. తర్వాత కావాలంటే ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు. సత్యవేణి మొహమాటపడొద్దంది.

"నీ ముడి నువ్వే విప్పు" అన్నాను.

"నిజంగా చెప్తన్నావా బావా?"

"విప్పరా."

తడిసిన ముడి, వాడికి చాలాసేపు పట్టింది. మూతి తెరుచుకున్నాక సంచిని మెల్లిగా నొక్కాను. బుడగలు రాలేదు, చప్పుడు రాలేదు. ఏవి సంచిలోని నీళ్లో, ఏవి సరస్సు నీళ్లో ఎంత చూసినా తెలియలేదు. ఆఖరికి నా చేతుల్లో తడిగుడ్డ మిగిలింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. బుల్లబ్బాయి కూడా. ఈసారి నిజం నీళ్లకి ఏడ్చాడు.

జాడీ దొరికింది. బియ్యం దొరకలేదు.

340వ రోజు

నాలుగో సరస్సు. తాడు ఆరు మూరలు వదిలాను. చేపలు మూడు పడ్డాయి, ఒడ్డున పుల్లల మంట మీద కాల్చి ఆవకాయతో తిన్నాం. బియ్యం లేకపోయినా బాగానే ఉంది.

నిన్న ఊళ్లో ఎత్తు తూకం జరిగి ఉంటుంది. ఆ విషయం సాయంత్రం దాకా గుర్తు రాలేదు. ఇవాళ కాగితంలో ఆఖరి లైను ప్రకారం ఏమీ చేయలేదు. తెప్ప మీద వెల్లకిలా పడుకుని, బుల్లబ్బాయి చిన్నప్పుడు వాళ్లక్క తనకి ఈత నేర్పిన కథ చెబితే విన్నాను. నాకు తెలియని తాయారు వాడి దగ్గర చాలా ఉంది. పదకొండు నెలలు ఒక్కణ్ణే కూర్చుని ఎంత పోగొట్టుకున్నానో అనిపించింది. మధ్యలో రసమట్టం తీసి చూద్దామని చెయ్యి పోయింది గానీ తీయలేదు.

జ్యేష్ఠ బహుళ విదియ

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. వరుసంతా బయటికి వచ్చింది. సత్యవేణి నా బదులు సంచిని ఇంటి అంచుకి ఈడ్చి, రివాజు ప్రకారం నీళ్లలోకి వంచేసింది. నేను చంకలోంచి పచ్చ కుట్టు సంచి తీసి, మడత విప్పి, అందరికీ కనపడేలా పట్టుకున్నాను. సత్యవేణి వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుని, ఒకసారి దులిపి, తన ఇంటి దండెం మీద ఆరేసింది.

గుమస్తా పెట్టె పలికింది. ఎత్తు తూకంలో పదకొండో వరుసకి ఏ లోపమూ లేదని చెప్పింది. తర్వాత, "ప్రయాణం, ఇతరం. పని పూర్తయిందా?" అని అడిగింది.

పూర్తయిందన్నాను.

బుల్లబ్బాయి రెండు రోజులు ఉండి వెళ్తానన్నాడు. గుమస్తాకి చుట్టమని రాయించి, వాడి బరువుకి సరిపడా తొట్టెల్లోంచి నీళ్లు దింపించాను. వాడిని లోపలి గదిలోకి తీసుకెళ్లి పక్క చూపించాను. ఇది రాస్తుంటే గోడ అవతల రోలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పది నెలలుగా ఆ చప్పుడు లేదన్న సంగతే నేను గమనించలేదు.

ఇవాళ్టినుంచి రెండు పుస్తకాలు అక్కర్లేదు.

పదకొండో వరుస. ఇళ్లు పది. పదో ఇల్లు: ఒక్కడు. రసమట్టం బుడగ: నడిమధ్య.